కర్చీఫ్ వేసిన సీటు: పర్లాకిమిడి దగ్గర ఒక డిష్ కేసు

ఈ కేసులో మొదటి తప్పు నాది. రెండో తప్పూ నాదే. డిష్ పని చేసేవాళ్లకు ఎక్కువ పనికొచ్చేవి ఆ రెండే కాబట్టి ఏదీ దాచకుండా రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం, పక్కనే ఆంధ్రా పాతపట్నం. ఊళ్లో బోర్డులు ఒడియాలో ఉంటాయి గానీ మా కస్టమర్లలో సగం మంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, టీవీలో తెలుగే అడుగుతారు. డిష్‌లు నిలబెట్టడం, కేబుల్ కంట్రోల్ రూముల్లో రిసీవర్లు, మాడ్యులేటర్లు బిగించడం నా పని. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ణి కాబట్టి మేం పనిలో వాడే మాటల్లోనే రాస్తాను. ఎలివేషన్‌కి, అంటే డిష్ ఎంత పైకి చూస్తుందో ఆ కోణానికి, 'ఉన్నతి కోణం' అని రాస్తే మా హెల్పరు కుర్రాడికే అర్థం కాదు.

2013లో కాశీనగరం వైపు ఒక పల్లెలో నాకు తెలిసిన ఆపరేటరు ఉండేవాడు. నాలుగు వందల కనెక్షన్లు, ఇంటి మేడమీద మూడు డిష్‌లు. నన్ను అన్నయ్యా అంటాడు. మూడు డిష్‌లలో 8 అడుగులది ఒకటి సీ బ్యాండ్ అనే ఫ్రీక్వెన్సీల వరసలో ఒక విదేశీ సాటిలైట్ వైపు ఉండేది. దాన్నుంచి తీసుకునేది ఒక్కటే చానెల్, ఉచితంగా వచ్చే తెలుగు భక్తి చానెల్. ఒక్క చానెలే అయినా దాన్ని చూసేవాళ్లు గట్టివాళ్లు. సినిమా చానెల్ పోతే కుర్రాళ్లు తిట్టుకుని ఊరుకుంటారు. హారతి పోతే పెద్దవాళ్లు ఇంటికే వస్తారు. ఏ చానెలో, ఏ సాటిలైటో ఇక్కడ చెప్పను.

అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మా వైపు గాలికి ఆ 8 అడుగుల డిష్ స్టాండుతో సహా పక్కకు ఒరిగింది. 18వ తేదీ సాయంత్రం అయిదింటికి నేనే వెళ్లి నిలబెట్టాను. మీటరు చూసుకుంటూ పీక్ చేశాను, అంటే సిగ్నల్ అన్నిటికంటే ఎక్కువ వచ్చే కోణానికి తిప్పాను. రిసీవరు లాక్ పట్టడానికి కావలసినదానికంటే మూడు డీబీలు (సిగ్నల్ బలానికి మా కొలత) పైనే వచ్చింది. ఈ డిష్‌కి ఆ సాటిలైట్ నుంచి అంతకంటే రాదు. బోల్టులు బిగించి టీ తాగి వచ్చేశాను. మొదటి తప్పు ఇదే. పీక్ చేయడం తప్పు కాదు, ఒక్కసారి చూసి బిగించేయడం తప్పు.

నవంబరు 1న ఫోను. రాత్రి తొమ్మిది దాటితే చానెల్ పోతోందట, తెల్లారి లేచేసరికి ఉంటోందట. రాత్రి రెండున్నర దాకా ఉండటం లేదని వాచ్‌మన్ చెప్పాడట. మా వృత్తిలో ఎవరికైనా ముందు వచ్చే అనుమానాలే నాకూ వచ్చాయి. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండి సిగ్నల్ పట్టే డబ్బా) వేడెక్కి ఫ్రీక్వెన్సీ జరుగుతోందా అనుకుంటే పోయేది చల్లటి వేళ. రాత్రిళ్లు వోల్టేజి పడిపోతోందా అని ఇన్వర్టరు మీద నడిపించాం, తేడా లేదు. అక్టోబరు మొదట్లో సూర్యుడు సాటిలైట్ వెనక్కి వచ్చినప్పుడు సిగ్నల్ పోతుంది గానీ అది పట్టపగలు కొన్ని నిమిషాల ముచ్చట, కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. ఎల్‌ఎన్‌బీ మార్చాం, కేబుల్ మార్చాం, కనెక్టర్లు మార్చాం. నేను వెళ్లింది ప్రతిసారీ పగలు. పగలు అంతా బాగానే ఉండేది.

అప్పుడు రెండో తప్పు చేశాను. సిగ్నల్ చాలడం లేదు, 12 అడుగుల డిష్ పెట్టేద్దాం అన్నాను. అతను అప్పు చేసి తెప్పించాడు. నవంబరు 20 ఉదయం పదిన్నరకు, ఈసారి ఎవరూ వంక పెట్టలేనంత జాగ్రత్తగా, చేతి వేళ్లు బోల్టుల మీద ఉంచి పావు డీబీ కూడా వదలకుండా పీక్ చేశాను. ఆ సాయంత్రం అయిదింటికే చానెల్ పోయింది. తెల్లవారుజామున నాలుగింటికి గానీ రాలేదు. అయిదున్నర గంటల జబ్బు పదకొండు గంటల జబ్బు అయింది.

మళ్లీ వెళ్లింది నవంబరు 30న. మేడ దిగుతుంటే అరుగు మీద పక్కింటి మామ్మగారు పట్టుకున్నారు. ఆవిడ గడియారం చూసి టీవీ పెట్టే మనిషి.

"ఏటి బాబూ ఇది! దీపావళినాడు రాత్రి తొమ్మిదింటికి పోయింది. కార్తీక పున్నానికి ఎనిమిదింటికే పోయింది. ఇప్పుడీ పెద్ద గొడుగెట్టినాక దీపాలేళకి కూడా ఉండట్లేదు. రోజూ కూసింత ముందుకొస్తంది, సూసుకో."

ఆ మాట విన్నాక మేడ మళ్లీ ఎక్కాను. ఆ ఏడాది దీపావళి నవంబరు 3, కార్తీక పౌర్ణమి 17. పద్నాలుగు రోజుల్లో గంటకు దగ్గరగా ముందుకు వచ్చింది. అంటే రోజుకు నాలుగు నిమిషాలు. కరెంటు వల్ల వచ్చే జబ్బయితే గడియారం ప్రకారం వస్తుంది. ఎండ వల్ల వచ్చేదైతే సూర్యుడి ప్రకారం వస్తుంది. రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరిగేవి చుక్కలు. కార్తీకంలో పొద్దుగూకేవేళకు తూర్పున పొడిచే కృత్తికలు మాఘం వచ్చేసరికి అదే వేళకు నడినెత్తిన ఉంటాయి, ఈ నాలుగు నిమిషాల వల్లే. భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. భూస్థిర కక్ష్యలో సాటిలైట్ కూడా అంతే టైములో ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి జబ్బు మేడ మీద లేదు, 35,786 కిలోమీటర్ల పైన ఉంది.

నిర్ధారణ కోసం ఆపరేటరు కొడుకు చేత ఒక నోటుబుక్కులో టైము రాయించాం. చానెల్ పోయిన వేళ డిసెంబరు 1న సాయంత్రం 4.23, 2న 4.19, 3న 4.15, 4న 4.11. ఇంత క్రమశిక్షణ ఉన్న ఫాల్టు నేను ఎప్పుడూ చూడలేదు.

డిసెంబరు 7 సాయంత్రం నుంచి 8 సాయంత్రం దాకా మేడ మీదే ఉన్నాను. అరగంటకోసారి ఎలివేషన్ బోల్టు వదులు చేసి, మళ్లీ పీక్ పట్టి, రాడ్ మీద పెయింటుతో గీత పెట్టడం. డిజిటల్ లెవెల్‌తో కోణం రాసుకోవడం. రాత్రి తొమ్మిదీ ఇరవై ప్రాంతంలో అన్నిటికంటే కింది గీత. మర్నాడు ఉదయం తొమ్మిదీ ఇరవై ప్రాంతంలో అన్నిటికంటే పై గీత. రెంటికీ మధ్య సుమారు 1.8 డిగ్రీలు. సాటిలైట్ మాకు దాదాపు దక్షిణాన ఉంది కాబట్టి ఒక్క ఎలివేషన్‌తో పని జరిగింది. తూర్పుకో పడమరకో దూరంగా ఉన్న సాటిలైట్ అయితే ఊగడం ఏటవాలుగా కనపడుతుంది, రెండు బోల్టులూ తిప్పాల్సి వస్తుంది.

ఈ గీతలు చూస్తే నా తప్పులు రెండూ బయటపడ్డాయి. సాటిలైట్ రోజుకోసారి ఉత్తరానికి, ఒకసారి దక్షిణానికి ఊగుతోంది. అక్టోబరు 18 సాయంత్రం నేను పీక్ పట్టినప్పుడు అది మధ్యకు కొంచెం ఉత్తరంగా ఉంది. అందుకే దక్షిణపు కొసకు వెళ్లినప్పుడు మాత్రమే పోయేది. నవంబరు 20 ఉదయం పదిన్నరకు సరిగ్గా ఉత్తరపు కొసన ఉంది. అక్కడ గురిపెట్టి బిగించేశాను కాబట్టి అది మధ్య గీత దాటి దక్షిణానికి దిగిందంటే సిగ్నల్ లేదు. ఎంత జాగ్రత్తగా పీక్ చేశానో అంత బాగా చెడగొట్టాను.

పెద్ద డిష్ ఎందుకు ఆదుకోలేదో కూడా చెప్పాలి, ఎందుకంటే సిగ్నల్ పోతే డిష్ పెంచడం మనకు అలవాటు. డిష్ పెద్దదయ్యే కొద్దీ సిగ్నల్ ఎక్కువ పడుతుంది గానీ చూపు ఇరుకవుతుంది. సీ బ్యాండ్‌లో 8 అడుగుల డిష్ బీము వెడల్పు 2.2 డిగ్రీలు, 12 అడుగులదానికి ఒకటిన్నర లోపే. కదలని సాటిలైట్‌కి ఆ ఇరుకు మేలు చేస్తుంది. ఊగే సాటిలైట్‌కి అదే శత్రువు. 8వ తేదీ మధ్యాహ్నం మూడూ ఇరవైకి, సాటిలైట్ మధ్య గీత దాటే వేళ చూసి, 12 అడుగుల డిష్‌ని అక్కడ బిగించాను. రెండు కొసల్లోనూ ఒకటిన్నర డీబీ మిగిలింది. రోజంతా చానెల్ నిలబడింది. పాత 8 అడుగుల డిష్‌నే మధ్యలో పెట్టి ఉంటే ఒక డీబీ మిగిలేదని లెక్కలో తేలింది. అతను అప్పు చేసి కొన్నదంతా అర డీబీకి పైన కాస్త కోసం. ఈ సంగతి అతనికి ఆ రోజే చెప్పాను. ఏమీ అనలేదు, టీ మాత్రం తెప్పించలేదు.

సాటిలైట్ ఎందుకు ఊగుతోంది? చంద్రుడూ సూర్యుడూ దాని కక్ష్యను ఏటా ముప్పావు డిగ్రీ నుంచి దాదాపు ఒక డిగ్రీ దాకా వంచుతూ ఉంటారు. దాన్ని సరిచేయడానికి ఏటా సెకనుకు 50 మీటర్ల వేగం మార్పుకు సరిపడా ఇంధనం కాల్చాలి. తూర్పు పడమరలు జరగకుండా ఆపడానికి సెకనుకు రెండు మీటర్ల చిల్లర చాలు. అంటే ఇంధనంలో నూటికి తొంభై వంతులకు పైగా ఉత్తర దక్షిణాల సవరణకే పోతుంది. సాటిలైట్ ముసలిదైతే యజమానులు ఈ సవరణ ఆపేస్తారు. అప్పుడు స్లాట్‌లోనే, అంటే కక్ష్యలో తనకిచ్చిన చోటే, ఉంటుంది గానీ ఊగుతూ ఉంటుంది. మాది ఆపేసి ఏడాది అయి ఉండాలి, 1.8 డిగ్రీల ఊగుకి లెక్క అలాగే వస్తోంది. తుపానుకు ముందు ఊగు తక్కువ, డిష్ మధ్యకు దగ్గరగా ఉంది, ఎవరికీ తెలియలేదు. తుపాను రాకపోయినా మరి కొన్ని నెలల్లో ఈ జబ్బు రావాల్సిందే.

చానెల్ వాళ్ల టెక్నికల్ మనిషికి హైదరాబాదు ఫోను చేశాను. మొదట మీ డిష్ చూసుకోండి సార్ అన్నాడు. నోటుబుక్కులో టైములు చదివి వినిపించాక మెత్తబడ్డాడు.

"నిజం చెప్పాలంటే సార్, అది పాత సాటిలైట్. ఇంకో చోటి నుంచి జరుపుకొచ్చి పెట్టారు. వాళ్ల కొత్తది లేటయింది. స్లాట్ ఖాళీగా ఉంటే పోతుందని దీన్ని నిలబెట్టారు. మాకు చవగ్గా ఇచ్చారు, తీసుకున్నాం."

ఇది మన బస్సుల్లో కర్చీఫ్ వ్యవహారమే. పలాస కాంప్లెక్స్‌లో బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకుంటాం. ఆ కర్చీఫ్ ఉతికిందా చిరిగిందా అని ఎవరూ చూడరు. ఆకాశంలో సీట్ల లెక్క చూసేది జెనీవాలోని ఐటీయూ, అంటే అంతర్జాతీయ టెలికం యూనియన్. ఒక దేశం ఒక స్లాట్‌కి, కొన్ని ఫ్రీక్వెన్సీలకి దరఖాస్తు పెడితే ఏడేళ్లలోపు అక్కడ సాటిలైట్ పెట్టి వాడకంలోకి తేవాలి. లేకపోతే హక్కు రద్దయి వెనకవాళ్లకు పోతుంది. వాడకంలో ఉన్న సాటిలైట్ పాడైపోతేనో తీసేస్తేనో మూడేళ్ల దాకా సస్పెన్షన్ పెట్టుకోవచ్చు. ఆ లోపల మళ్లీ పెట్టాలి. పెట్టినట్టు లెక్క ఎప్పుడంటే, ఆ ఫ్రీక్వెన్సీలు పంపగల సాటిలైట్ ఆ స్లాట్‌లో వరసగా 90 రోజులు నిలబడితే. ఈ 90 రోజుల నిబంధన 2012 ప్రపంచ రేడియో సమావేశంలో వచ్చింది. పంపగల శక్తి ఉండాలన్నారు గానీ కక్ష్య ఊగకూడదని ఎక్కడా అనలేదు. కాశీనగరం వైపు మామ్మగారికి హారతి కనపడాలనీ అనలేదు.

జరపడం ఖరీదైన పని అనుకుంటాం. కాదు. సాటిలైట్‌ని తూర్పుకు జరపాలంటే కక్ష్యను కొంచెం కిందికి దించుతారు, కిందున్నది వేగంగా తిరుగుతుంది కాబట్టి దానంతటదే ముందుకు జారుతుంది. పడమరకైతే పైకి ఎత్తుతారు. 78 కిలోమీటర్లు దించితే రోజుకు ఒక డిగ్రీ జారుతుంది. మొదలుపెట్టడానికి సెకనుకు మూడు మీటర్ల లోపు, ఆపడానికి అంతే. ఇరవై రోజుల్లో ఇరవై డిగ్రీలు జరిపినా అయ్యేది ఆరు మీటర్ల లోపే. ఉత్తర దక్షిణాల సవరణకు నెలన్నరలో కాలే ఇంధనంతో ముసలి సాటిలైట్‌ని ఖండం దాటించి కొత్త సీట్లో కూర్చోబెట్టవచ్చు. కొత్తది కట్టి ఎగరేయడంతో పోలిస్తే కర్చీఫ్ ఖరీదే.

అన్ని బదిలీలూ ఇలాంటివి కావు. 1975లో నాసా వాళ్లు ఏటీఎస్-6 అనే సాటిలైట్‌ని అమెరికా వైపు నుంచి 35 డిగ్రీల తూర్పుకు జరిపారు, మన దేశం కోసమే. ఆ ఆగస్టు నుంచి మరుసటి ఏడాది జులై దాకా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు నేరుగా దించింది. సైట్ ప్రయోగం అంటారు. ఆంధ్రప్రదేశ్, ఒరిస్సా రెండూ ఆ ఆరింటిలో ఉన్నాయి. అది చూసేవాళ్ల కోసం జరిగిన ప్రయాణం. మా కేసులోది కాగితం కోసం జరిగిన ప్రయాణం. రెండూ మీటరు మీద ఒకేలా కనపడతాయి, అదే చిక్కు.

కాగితం ఆట పాతదే. చిన్న దీవుల దేశం టోంగా 1980ల చివర్లో పదహారు స్లాట్లకు దరఖాస్తు పెట్టింది, అద్దెకిచ్చుకోవచ్చని. దరఖాస్తులో తప్ప ఆకాశంలో లేనివాటికి అప్పట్నుంచే కాగితం సాటిలైట్లు అనే పేరు ఉంది. నిబంధనలు బిగిసే కొద్దీ కాగితం బదులు ముసలి సాటిలైట్లు తిరగడం మొదలైంది. ఒకే సాటిలైట్ ఇక్కడ 90 రోజులు, అక్కడ 90 రోజులు నిలబడి రెండు మూడు సీట్లు ఆపిన సందర్భాలు వచ్చాక, 2015 జెనీవా సమావేశంలో ఒక తీర్మానం చేశారు. అంతకుముందు మూడేళ్లలో ఇంకో స్లాట్‌ని వాడకంలోకి తెచ్చిన సాటిలైట్‌ని తెచ్చి పెడితే ఎక్కణ్ణుంచి తెచ్చారో చెప్పాలి. చెప్పాలి, అంతే. తేవద్దని లేదు. నా ఉద్దేశంలో అది పూర్తిగా తప్పూ కాదు. రాకెట్ పేలిపోతే, ఫ్యాక్టరీ ఆలస్యం చేస్తే సీటు పోవడం అన్యాయమే. అయితే అలా వచ్చిన సాటిలైట్ మీద చానెల్ అమ్మేటప్పుడు కొనేవాడికి కక్ష్య వంపు ఎంత, ఏటా ఎంత పెరుగుతుంది, ఎన్నాళ్లుంటుంది అనేవి రాసివ్వాలి. మా భక్తి చానెల్ వాళ్లకు రాసిచ్చారేమో, కింద డిష్ పెట్టినవాడి దాకా ఆ కాగితం రాలేదు.

ముసలి సాటిలైట్ల విషయంలో నన్ను ఇంకా భయపెట్టేది చివరి ఇంధనం. చచ్చేలోపు దాన్ని కక్ష్య పైకి ఎత్తి వదిలెయ్యాలి. 2022 జనవరిలో ఇస్రో ఇన్సాట్-4బీని అలా పదకొండు విడతల్లో దాదాపు 340 కిలోమీటర్లు పైకి ఎత్తి సాగనంపింది. సీట్లు ఆపుతూ తిరిగి తిరిగి ఆ ఇంధనం కూడా అయిపోతే అది ఎటూ పోదు. భూమి ఆకారంలోని హెచ్చుతగ్గుల వల్ల కొన్ని చచ్చిన సాటిలైట్లు 75 డిగ్రీల తూర్పు చుట్టూ అటూ ఇటూ జారుతూ ఉంటాయి, గిన్నెలో గోలీకాయల్లాగ. ఆ గిన్నె దాదాపు మన దేశం నెత్తినే ఉంది.

మళ్లీ మేడ మీదికి. డిసెంబరు 8న చేసింది వైద్యం కాదు, వాయిదా. ఆ రోజే లెక్క వేసి ఫిబ్రవరి మొదట్లో మళ్లీ పోతుందని నోటుబుక్కులో రాశాను. ఫిబ్రవరి 5న పోయింది. ఈసారి రోజుకు రెండుసార్లు, తెల్లవారుజామున అయిదున్నరకు, సాయంత్రం అయిదున్నరకు. తెల్లవారుజామున పోయింది సుప్రభాతం. మోటారు పెడదాం అనుకున్నాం గానీ ఇంకా డబ్బు పెట్టించడానికి నాకు మొహం చెల్లలేదు. రాడ్ మీద రెండు గీతలు మాత్రం ఉంచి మిగతావి చెరిపేశాం, పైది ఎర్ర గీత, కిందిది పచ్చ గీత. రాత్రి పదకొండున్నరకు ఎర్ర గీతకు తిప్పాలి, పగలు పదకొండున్నరకు పచ్చ గీతకు. వారానికోసారి ఆ టైముని అరగంట ముందుకు జరపాలి. ఊగులో సగమే చూడాలి కాబట్టి పది నిమిషాలు అటూ ఇటూ అయినా పోదు. రాత్రి పని ఆపరేటరు కొడుకు చేశాడు, పదో తరగతి పరీక్షలకు ఎలాగూ మేలుకునే ఉన్నాడు. ఏడు వారాలు ఒక్కరోజు కూడా చానెల్ పోలేదు. నా సర్వీసులో ఇంత చవకైన రిపేరు ఇంకొకటి లేదు.

మార్చి చివర్లో కొత్త సాటిలైట్ ఆ స్లాట్‌కి వచ్చింది. ఊగు లేదు, సిగ్నల్ బలంగా ఉందని విన్నాం. పాతది ఇంకో సీటు ఆపడానికి బయల్దేరింది. కొత్తదాని అద్దె భక్తి చానెల్ వాళ్లు కట్టలేకపోయారు. తెర కింద స్క్రోలింగ్ వేశారు, ఫలానా తేదీ నుంచి వేరే సాటిలైట్, వేరే ఫ్రీక్వెన్సీ అని.

కూలి వద్దన్నా ఆపరేటరు వినలేదు, తీసుకుంటానంటేనే రమ్మన్నాడు. వెళ్లాను. 12 అడుగుల డిష్ చానెల్ మారిన సాటిలైట్ వైపు తిప్పి, మీటరు తగిలించి, స్పానరు చేతిలోకి తీసుకున్నాను. వెనక నుంచి ఆపరేటరు కొడుకు నోటుబుక్కు తెరిచి పెన్ను క్యాప్ తీశాడు.

"పెదనాన్నా, దీన్ని ఎన్ని గంటలకి బిగిస్తావు?"